రిచర్డ్ బాక్స్‌టర్ గురించి చెప్పేవన్నీ నమ్మొచ్చా? పొగడ్తల జీవితచరిత్రలు కాకుండా ఏం చదవాలి?

కొత్త చదువరి:

అందరికీ వందనాలు. ఇంగ్లండ్ ప్యూరిటన్ల గురించి, అంటే చర్చిని ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టిన ప్రొటెస్టంట్ల గురించి, చదవడం ఈమధ్యే మొదలుపెట్టాను. మొదట చేతికి దొరికింది పదిహేడో శతాబ్దపు పాస్టర్ బాక్స్‌టర్ రాసిన 'ది రిఫార్మ్‌డ్ పాస్టర్'. సగం అయ్యేసరికే నాకు టెన్షన్ పట్టుకుంది. తన పారిష్‌లో, అంటే తన చర్చి కింద ఉన్న ప్రాంతంలో, 800 కుటుంబాలకు పైగా ఉన్నాయనీ, ఏడాది తిరిగేలోగా ప్రతి కుటుంబంతోనూ విడిగా కూర్చుని మాట్లాడతామనీ రాశాడు. ఇది అయ్యే పనేనా? లేకపోతే మిగతా పాస్టర్లను సిగ్గుపడేలా చేయడానికి వేసిన లెక్కా?

ఇంకో బాధ కూడా ఉంది. ఆయన మీద వచ్చిన చిన్న చిన్న జీవితచరిత్రలు కొన్ని చూశాను. అన్నిట్లోనూ ఒకే మనిషి. చిన్నప్పుడే భక్తి, ఆయన ప్రసంగాలకు ఊరంతా మారిపోవడం, జైలు, సహనం, ప్రశాంతంగా కన్నుమూయడం. "చావబోయే మనిషి చావబోయే మనుషులతో మాట్లాడినట్టు ప్రసంగించాను" అన్న ఆయన మాట ప్రతి పుస్తకంలోనూ తప్పనిసరి. లూథర్ మీద చదివినా, బన్యన్ మీద చదివినా ఇదే వరస. వీళ్లకు కోపం వచ్చిందా, ఇంట్లో మాటామాటా అనుకున్నారా, ఒంట్లో బాగోలేనప్పుడు ఏం చేశారు, ఏదీ తెలియదు.

దేవశాస్త్రం నాకు లోతుగా తెలియదు. నీతిమంతులుగా తీర్చబడటం గురించి వాళ్లు చేసుకున్న వాదాలు తర్వాత మెల్లగా చదువుకుంటాను. ముందు మనుషులు కావాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతపుటలు:

వందనాలండీ. ముందు ఆ 800 కుటుంబాల సంగతి తేల్చేద్దాం. చాలామంది అక్కడే హడలిపోయి పుస్తకం మూసేస్తారు.

బాక్స్‌టర్ ఒక్కడే గడపగడపకూ తిరిగాడని మనం ఊహించుకుంటాం. అలా కాదు. ఆయనకు ఒక సహాయకుడు ఉండేవాడు. సోమవారం, మంగళవారం ఇద్దరికీ ఇదే పని, పొద్దున మొదలుపెడితే దాదాపు రాత్రి దాకా. కిడ్డర్‌మిన్‌స్టర్ పట్నంలోని కుటుంబాలు బాక్స్‌టర్ దగ్గరికే వచ్చేవి. పారిష్‌లోని పల్లెలకు సహాయకుడు వెళ్లేవాడు. ఇద్దరికీ కలిపి వారానికి పదిహేను, పదహారు కుటుంబాలు. ఏడాదికి లెక్కేసుకోండి, సరిపోతుంది. పైగా అప్పటికి ఆయనకు పెళ్లి కాలేదు. భార్యాబిడ్డలు లేకపోవడం ఈ పనికి కలిసొచ్చిందని తనే రాసుకున్నాడు. ఈ మాట మాత్రం ఆయన్ని ఆదర్శంగా చూపించేవాళ్లెవరూ ఎత్తరు.

నాకు నచ్చేది లెక్క కాదు, ఆ గంట ఎలా గడిచేదన్నది. ఒక్కో కుటుంబానికి సుమారు గంట. ముందు కేటికిజం, అంటే ప్రశ్న-జవాబుల రూపంలో ఉండే విశ్వాస పాఠం, అప్పజెప్పించుకునేవాడు. తర్వాత దాని అర్థమేమిటో అడిగేవాడు. ఆఖర్న దాని ప్రకారం బతకమని గట్టిగా బతిమాలేవాడు. ఎవరైనా సిగ్గుపడో తెలియకో తడబడితే ఇంక గుచ్చిగుచ్చి అడగకుండా తనే వివరించేవాడు. ఆ సమయంలో బయటివాళ్లెవరినీ గదిలోకి రానిచ్చేవాడు కాదు. ఒకరికి ఏం రాదో ఇంకొకరు ఊళ్లో చెప్పుకుంటారని! ఊరి నోరు ఎలాంటిదో తెలిసినవాడు కాబట్టే ఆ జాగ్రత్త. అక్కడివాళ్లలో ఎక్కువమంది నేతపనివాళ్లు. మగ్గం ముందు పుస్తకం పెట్టుకుని నేస్తూ చదువుకునేవాళ్లట. పుస్తకాల వ్యాపారుల దగ్గర తన పుస్తకాలకు డబ్బుకు బదులు పదిహేనింటికి ఒక ప్రతి తీసుకుని ఊళ్లోవాళ్లకు పంచేవాడు.

ఇంతకీ మీరు చదువుతున్న పుస్తకం ఎలా పుట్టిందో తెలుసా? 1655 డిసెంబర్‌లో వుస్టర్ ప్రాంతపు పాస్టర్లందరూ ఉపవాస ప్రార్థనకు కూడారు. బాక్స్‌టర్ ప్రసంగించాలి. ఆరోజు ఆయనకు లేవలేనంత జబ్బు. చెప్పలేకపోయిన ప్రసంగాన్నే పెంచి 1656లో అచ్చేశాడు. ఆ పుస్తకంలో ఊపిరాడనివ్వని తొందర ఉంటుంది కదా, అది ఊరికే వచ్చింది కాదు. మీరు చెప్పిన "చావబోయే మనిషి" అన్న మాట కూడా అలంకారం కోసం అన్నది కాదు. యవ్వనం నుంచీ ఆయన రోగిష్ఠి. 1647లో సైన్యంలో చాప్లిన్‌గా, అంటే సైనికుల పాస్టర్‌గా, ఉన్నప్పుడు ముక్కునుంచి రక్తం ఆగకుండా కారి చావు దాకా వెళ్లాడు. రౌస్ లెంచ్ అనే చోట తెలిసినవాళ్ల ఇంట్లో కోలుకుంటూ, ఎలాగూ పోతున్నాను కదా అని పరలోకం గురించి రాసుకున్న నోట్సే 1650లో 'సెయింట్స్ ఎవర్‌లాస్టింగ్ రెస్ట్' అయింది. ఆ తర్వాత ఇంకో నలభై ఏళ్లు బతికాడు!

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఇతరులు రాసినవి పక్కన పెట్టి ఆయనే రాసుకున్న 'రెలిక్వియే బాక్స్‌టెరియానే' చదవండి. ఆయన 1691లో పోయాక 1696లో మాథ్యూ సిల్వెస్టర్ అచ్చు వేయించాడు. చిందరవందర పుస్తకం. సభల తీర్మానాలు, ఉత్తరాలు, ఎవరు ఎవరికి ఏ పాయింటు మీద జవాబిచ్చారు అన్న పేజీలు ఎడారిలా సాగుతాయి. 2020లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఐదు సంపుటాలుగా వచ్చింది, అది పరిశోధకులకు. మీకు ఏదో ఒక సంక్షిప్త ప్రతి చాలు.

అందులో బంగారు గుండు సంగతి తప్పకుండా చూడండి. బంగారు గుండు మింగితే జబ్బు నయమైందని ఎవరో డాక్టరు రాసింది చదివి, ఈయన కూడా ఒకటి చేయించుకుని మింగేశాడు. ఇరవై, ముప్పై షిల్లింగుల మధ్య బరువు. లోపలికైతే పోయింది కానీ బయటకు రాదు. మూడు వారాల పాటు విరేచనాల మందులు, ఎనిమాలు. కదలదు. చివరికి ఇరుగుపొరుగు వాళ్లు ఒకరోజు ఉపవాసముండి ప్రార్థన పెట్టుకుంటే, ఆ రోజు పొద్దున్నే బయటపడిందట. దీన్ని ఆయన దేవుని కృప కింద గంభీరంగా రాసుకున్నాడు. నేను మాత్రం చదివినప్పుడల్లా నవ్వు ఆపుకోలేను. ఇంకోసారి చదువుకునే గదిలో పై అరలు విరిగి పెద్ద పెద్ద పుస్తకాలన్నీ చుట్టూ కూలాయి. ఒక్కటి మాత్రం చేతికి తగిలింది, అంతే. చచ్చిపోవాల్సినవాణ్ణి అంటాడు. ఆ సైజు పుస్తకాలు చూసినవాళ్లు కాదనరు.

వీటన్నిటికీ మించినది, మొదటి భాగం చివర్లో తనను తాను బేరీజు వేసుకున్న పేజీలు. యవ్వనంలో తను ఎలా ఉండేవాడో, ఇప్పుడు ఎలా ఉన్నాడో వరసగా చెప్పుకుంటూ పోతాడు. ఒకప్పుడు వివాదాలంటే చెవి కోసుకునేవాణ్ణి, ఇప్పుడు విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలే నాకు రోజూ కావలసినవి అంటాడు. మంచివాళ్లనుకున్నవాళ్లలో ఇంత చెడు ఉందని, చెడ్డవాళ్లనుకున్నవాళ్లలో ఇంత మంచి ఉందని అప్పట్లో తెలియదు అంటాడు. సత్యాన్ని ఎదుటివాడి నెత్తిన మరీ కటువుగా రుద్దితే వాడు ఇంకా బిగుసుకుపోతాడని కూడా ఒప్పుకుంటాడు. నూట ముప్పైకి పైగా పుస్తకాలు రాసి, దొరికిన ప్రతివాడితోనూ వాదించిన మనిషి రాసిన మాటలివి. మీ జీవితచరిత్రల్లో కనపడనివాడు ఇక్కడ కనపడతాడు.

అడ్డుప్రశ్న:

పాతపుటలు గారూ, మీ బాక్స్‌టర్ ప్రేమ ఈ గుంపులో అందరికీ తెలిసిందే కానీ, ఆ అబ్బాయి అడిగింది పొగడ్తలు లేని పుస్తకం. 'రెలిక్వియే' కూడా ఒకరకమైన వకీలు వాదనే కదండీ. 1662లో చర్చి పదవుల నుంచి బయటికి నెట్టేసిన పాస్టర్ల తరఫున రాసిన పుస్తకం. ప్రతి గొడవలోనూ తెలివైన మాట ఈయన నోటినుంచే వస్తుంది. రాజరికం తీసేశాక దేశాన్ని ఏలిన క్రామ్‌వెల్ ఎదురుగా నిలబడి, మా రాజరికం మాకు దీవెన అని చెప్పాననడం ఒకటి. కిడ్డర్‌మిన్‌స్టర్‌లో తను వచ్చినప్పుడు వీధికొక కుటుంబం ప్రార్థన చేసుకునేదనీ, వెళ్లేటప్పటికి కొన్ని వీధుల్లో చేయని కుటుంబమే లేదనీ చెప్పింది ఎవరు? ఆయనే. చర్చి చాలక ఐదు గ్యాలరీలు కట్టారన్నది సరే, ఒప్పుకుందాం. కానీ ఇళ్లలో ఏం జరిగిందో సాక్ష్యం ఆయన మాటే. పెద్దవయసులో మెత్తబడ్డాడని మీరంటున్నారు, బానే ఉంది. అదే మనిషి చనిపోయిన ఏడాదే, 1691లో, దయ్యాలూ మంత్రగత్తెలూ నిజమని నిరూపించడానికి కథలన్నీ ఏరి పుస్తకం వేశాడు. అది కూడా చెప్పాలిగా.

అచ్చు కోసం కాకుండా తన కోసం రాసుకున్నవాళ్లను చదవమంటాను. రాల్ఫ్ జాసెలిన్ అని ఎసెక్స్‌లో ఎర్ల్స్ కోన్ అనే ఊరికి 1641 నుంచి 1683లో చనిపోయేదాకా వికార్, అంటే ఆ ఊరి చర్చి పాస్టర్. పెద్ద దేవశాస్త్రవేత్తేం కాదు. పొలం చేసుకునేవాడు, కొన్నాళ్లు బడి నడిపాడు. ఆయన డైరీ మొత్తం 1976లో అలన్ మాక్‌ఫర్లేన్ సంపాదకత్వంలో వచ్చింది. వానలు, పశువులు, అప్పులు, నెలల తరబడి మానని బొడ్డు పుండు, అన్నీ ఉంటాయి. 1644లో ఒకరోజు ముక్కు మీద తేనెటీగ కుట్టింది. వెంటనే ముల్లు పీకి తేనె రాశాడు, మొహం వాయలేదు. దేవుని ఏర్పాటు ఇంత చిన్న విషయాల దాకా ఉంటుంది అని రాసుకున్నాడు. చదివి నవ్వుకుంటాం. 1648కి వస్తే నవ్వు ఆగిపోతుంది. పుట్టిన పది రోజులకే కొడుకు చనిపోయాడు. ఎందుకిలా జరిగిందని తన తప్పులు వెతుక్కుంటూ, వేళాపాళా లేకుండా చదరంగం ఆడినందుకేమో అని రాసుకున్నాడు. ఇంకో రెండేళ్లకు ఎనిమిదేళ్ల కూతురు మేరీ కూడా పోయింది. దేవుని ఏర్పాటు అన్న సిద్ధాంతం ఒక ఇంట్లో తేనెటీగ కాటు దగ్గర ఎలా పనిచేసిందో, బిడ్డ చావు దగ్గర ఎలా కోసిందో ఏ ప్రసంగాల సంపుటిలోనూ ఇంత తేటగా కనపడదు.

సరదాగా కావాలంటే శామ్యూల్ వార్డ్. కేంబ్రిడ్జ్‌లో కుర్రవాడిగా ఉన్నప్పుడు, 1590ల్లో, రాసుకున్న పాపాల చిట్టా అది. రేగుపళ్ల లాంటి డామ్‌సన్ పళ్ల మీద యావ, రాత్రి భోజనమయ్యాక మితిమీరి జున్ను తినడం, ప్రార్థనలో నిద్ర. ఈయనే తర్వాత కింగ్ జేమ్స్ బైబిల్ అనువాదకుల్లో ఒకడయ్యాడు, సిడ్నీ ససెక్స్ కాలేజీకి మాస్టర్ అయ్యాడు, 1618లో నెదర్లాండ్స్‌లో జరిగిన డార్ట్ చర్చి మహాసభకు ఇంగ్లండ్ తరఫున వెళ్లాడు.

కొత్త చదువరి:

ఇద్దరికీ థాంక్సండీ. బంగారు గుండు దగ్గర ఇంట్లో అందరినీ పిలిచి చదివి వినిపించాను.

ఇంకొన్ని సందేహాలు. 1662లో వేలమంది పాస్టర్లు ఉద్యోగాలు వదులుకున్నారని ప్రతిచోటా ఉంది. ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకానికి ఒప్పుకుని సంతకం పెట్టేస్తే పోయేది కదా అని నాకు అనిపిస్తుంది. అంత పట్టుదల ఎందుకు? జాసెలిన్ 1683 దాకా అక్కడే ఉన్నాడంటున్నారు, అంటే ఆయన లొంగిపోయినట్టా? ఇంకోటి, బాక్స్‌టర్‌కి అప్పటికి పెళ్లి కాలేదన్నారు. తర్వాత అయిందా?

పాతపుటలు:

అయింది. అదీ ఆ 1662లోనే. రెండు ప్రశ్నలకూ కలిపే చెబుతాను.

అడ్డుప్రశ్న గారు చెప్పిన దయ్యాల పుస్తకం నిజమే, దాచేదేం లేదు. ఆ పుస్తకం చదివి ఆయన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. వకీలు వాదన అన్నదీ చాలావరకు ఒప్పుకుంటాను. కానీ వకీలు తన కక్షిదారు లోపాలు తనే కోర్టులో చదవడు కదండీ.

సంతకం విషయం. 1660లో రాజు తిరిగొచ్చాక బాక్స్‌టర్‌ని రాజుగారి చాప్లిన్లలో ఒకడిగా వేశారు. హెరిఫర్డ్ బిషప్ పదవి ఇస్తామన్నారు, వద్దన్నాడు. ఆయన అడిగింది పాత కిడ్డర్‌మిన్‌స్టర్ ఒక్కటే. పాత వికార్‌కి ఆ పదవి తిరిగి దక్కింది కాబట్టి, జీతం లేకుండా ఆయన కింద సహాయకుడిగానైనా ఉంటానన్నాడు. వుస్టర్ బిషప్ మోర్లీ ఒప్పుకోలేదు. ఎవరు పట్టుదలకు పోయారో మీరే చూడండి.

తర్వాత చట్టం వచ్చింది. 1662 ఆగస్టు 24లోగా ప్రార్థన పుస్తకంలోని ప్రతి ఒక్క విషయానికీ మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నానని ప్రతి పాస్టరూ సంఘం ముందు చెప్పాలి. 'ప్రతి ఒక్క' అన్నదే మెలిక. అందులో చాలావరకు బాక్స్‌టర్ వాడగలడు, వాడతానన్నాడు కూడా. అన్నీ దోషం లేనివని దేవుని ఎదుట అబద్ధం చెప్పలేనన్నాడు. రెండోది, బిషప్ చేతులుంచి అభిషేకించనివాళ్లు మళ్లీ అభిషేకం పొందాలి. అంటే ఇరవై ఏళ్లుగా పాస్టర్‌గా ఉన్నవాడు, ఇన్నాళ్లూ నేను పాస్టర్నే కాదు అని ఒప్పుకున్నట్టే. మూడోది, చర్చిలో బిషప్పుల పాలన తీసేస్తామని అంతర్యుద్ధ కాలంలో చేసిన నిబంధన ప్రమాణం చెల్లదని రాసివ్వాలి. బాక్స్‌టర్‌కి రెండో ఇబ్బంది లేదు, ఆయన్ని బిషప్పే అభిషేకించాడు. చాలామందికి అదే పెద్ద అడ్డు. 1660 నుంచి 62 దాకా మొత్తం దాదాపు 2,000 మంది బయటికి వెళ్లారు. ఏడాది దశమభాగాలు చేతికందే సమయానికి నెల ముందు పెట్టిన గడువది. ఆ రాబడి కూడా పోయింది. ఆ తర్వాత ఇంటివాళ్లు కాక ఐదుగురు, అంతకు మించి ఇలాంటి ఆరాధనకు కూడితే శిక్ష అని 1664లో ఒక చట్టం. పాత సంఘానికి ఐదు మైళ్ల దూరంలోకి రాకూడదని 1665లో ఇంకోటి.

జాసెలిన్‌ని లొంగిపోయినవాడని నేననను. అలా అనడం తేలిక. చూసీచూడనట్టు వదిలేసిన అధికారులు, అక్కడక్కడా పాటించీ పాటించకుండా నెట్టుకొచ్చిన పాస్టర్లు ఆ కాలంలో బోలెడంతమంది. వాళ్ల జీవితచరిత్రలు ఎవరూ రాయలేదు. అందుకే ఆ డైరీ విలువైనది. ఈ విషయంలో అడ్డుప్రశ్న గారితో నాకు పేచీ లేదు.

ఇక పెళ్లి. మార్గరెట్ చార్ల్‌టన్ బాక్స్‌టర్ కంటే ఇరవై ఏళ్లకు పైగా చిన్నది. డబ్బున్న కుటుంబం. తల్లితో కిడ్డర్‌మిన్‌స్టర్ వచ్చిన కొత్తలో ఆ ఊరన్నా, అక్కడి బీదవాళ్లన్నా, వాళ్ల భక్తి అన్నా ఆమెకు గిట్టేది కాదు. ఖరీదైన బట్టలు, ప్రేమకథల పుస్తకాలు, అదీ ఆమె లోకం. మారుమనస్సు తర్వాత సంగతి. వీళ్ల పెళ్లి వార్త తెలిసి లండన్‌లో నోళ్లు నొక్కుకున్నారు. పాస్టర్లకు పెళ్లి చేసుకోకపోవడమే మేలని అన్నాళ్లూ చెప్పినవాడు ఈయనే మరి! పైగా పనిపోయిన నెలలోనే పెళ్లి, సెప్టెంబర్ 10న. ముందే షరతులు పెట్టుకున్నారు. ఆమె ఆస్తిలో ఆయన ఏమీ ఆశించకూడదు. ఆ ఆస్తి కారణంగా ఏ కోర్టు వ్యవహారమూ ఆయన మెడకు చుట్టుకోకూడదు. పరిచర్యకు కావలసిన సమయంలో ఆమె వాటా అడగకూడదు.

ఆమె 1681 జూన్‌లో పోయింది. ఆ ఏడే ఆయన 'బ్రీవియట్' అని ఆమె జీవితం రాశాడు. దుఃఖంలో, పెద్దగా దిద్దకుండా రాసింది. నా మటుకు నాకు ఆయన పుస్తకాలన్నిట్లో ఇదే ముందు. మీకు మనిషి కావాలన్నారు కదా, ఇక్కడ ఇద్దరు దొరుకుతారు.

ఒక సంఘటన చెబుతాను. లండన్‌లో సెయింట్ జేమ్స్ మార్కెట్ పైన ఒక పెద్ద గది అద్దెకు తీసుకున్నారు, ప్రసంగాలకు. సుమారు 800 మంది పైన కూర్చుని ఉండగా కింది ప్రధాన దూలం ఫెళ్లున పగిలిన చప్పుడు. జనం కిటికీల వైపు, మెట్ల వైపు. మార్గరెట్ ఎలాగో కిందికి దిగింది. ఎదురుపడిన మొదటి మనిషిని ఆపి నువ్వేం పని చేస్తావని అడిగింది. వడ్రంగినన్నాడు. ఈ దూలం మధ్యలో ఇప్పటికిప్పుడు ఊతం పెట్టగలవా అంది. అతని ఇల్లు ఆ పక్కనే. పెద్ద స్తంభం తెచ్చి బిగించేశాడు. పైన ఉన్నవాళ్లకు ఇదేమీ తెలియదు, కింద సుత్తి దెబ్బలు వినపడి ఇంకా హడలిపోయారు. ఆ భయం ఆమెను తర్వాత వదల్లేదని బాక్స్‌టర్ రాశాడు. 1669లో చట్టానికి విరుద్ధంగా ప్రసంగించాడని ఆయన్ని క్లార్కెన్‌వెల్ జైల్లో పెట్టినప్పుడు ఆమె కూడా వెళ్లింది, ఇంట్లో ఉన్నవాటిల్లో మంచి పరుపు మంచంతో సహా. జైల్లో అంత హాయిగా ఎప్పుడూ లేమన్న ధోరణిలో రాస్తాడు ఆ రోజుల గురించి.

అయితే ఇది భజన పుస్తకం కాదు. నువ్వు పుస్తకాలు తక్కువ రాసి, ఆ తక్కువైనా ఇంకా బాగా రాసుంటే బావుండేది అని ఆమె అనేదట! ఆయన అలాగే రాసేశాడు. చదివేవాళ్లలో ఎంతమంది ఆమె పక్షాన తలూపారో. ఎవరికైనా మనస్సాక్షి చిక్కులొస్తే, చదువు అవసరమైన విషయాలు తప్ప మిగతావి తనకంటే, చాలామంది దేవశాస్త్రవేత్తల కంటే ఆమే బాగా తేల్చేదని ఒప్పుకున్నాడు. నాలో ఉన్నదానికంటే ఎక్కువ మంచిని నా భార్య నానుంచి ఆశించింది అంటాడు. మనమందరం మరీ దగ్గరికెళ్లి చూడకూడని బొమ్మల్లాంటి వాళ్లం అంటాడు. ఈ వాక్యాన్ని ఆయన మీద ఇతరులు రాసే ప్రతి పుస్తకానికీ మొదటి పేజీలో అచ్చెయ్యాలి.

ఆమె పోయిన నాలుగేళ్లకు, 1685లో, కొత్త నిబంధన మీద ఆయన రాసిన వివరణలో రాజద్రోహం ఉందని జడ్జి జెఫ్రీస్ ముందు నిలబెట్టారు. అప్పటికి దాదాపు డెబ్భై ఏళ్లు. బండెడు పుస్తకాలు రాశావు, గుడ్డు నిండా సొన ఉన్నట్టు ప్రతిదాని నిండా రాజద్రోహమే అని జెఫ్రీస్ కోర్టులో అరిచాడు. 500 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) జరిమానా వేశారు, కట్టలేదు. ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు, ఈసారి ఒంటరిగా.

లూథర్, బన్యన్ గురించి కూడా మొదట అడిగారు. లూథర్ 'టేబుల్ టాక్' తో మొదలుపెట్టకండి, అది ఆయన రాసింది కాదు. భోజనాల దగ్గర విద్యార్థులు రాసుకున్నది, ఆయన పోయిన ఇరవై ఏళ్లకు, 1566లో, ఔరిఫాబర్ అనే శిష్యుడు అచ్చేశాడు. ఉత్తరాలు చదవండి. 1530లో కోబర్గ్ కోటనుంచి నాలుగేళ్ల కొడుకు హాన్స్‌కి, బాగా ప్రార్థన చేసుకునే పిల్లలకు ఆపిల్ చెట్లూ బంగారు కళ్లేల గుర్రాలూ ఉన్న తోట దొరుకుతుందని రాసిన ఉత్తరం ఉంది. అదే కలం 1543లో యూదుల మీద ఏం రాసిందో కూడా చదవాలి. ఒకటి చదివి రెండోది వదిలేస్తే మళ్లీ మీకు అదే జీవితచరిత్ర మిగులుతుంది. బన్యన్‌కైతే 1666లో వచ్చిన 'గ్రేస్ అబౌండింగ్'. బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేళ్లు, బూట్ల లేసులు తయారుచేసి ఇల్లు నడపడం, కళ్లులేని కూతురిని తలుచుకుంటే ఎముకల మీదనుంచి మాంసం ఒలిచినట్టు ఉందనడం.

హాలే దారి:

చిన్న చేర్పు. బన్యన్ మొదటి భార్య కట్నంగా తెచ్చింది రెండు పుస్తకాలే అంటారు కదా, అందులో ఒకటి లూయిస్ బేలీ రాసిన 'ప్రాక్టీస్ ఆఫ్ పైటీ'. ఆ పుస్తకమే జర్మన్‌లోకి వెళ్లింది. ఫిలిప్ స్పేనర్ చిన్నప్పుడు దాన్నీ, ఇంకొన్ని ఇంగ్లిష్ భక్తి పుస్తకాలనూ చదువుకుంటూ పెరిగాడు. స్పేనర్ 1675లో 'పియా డెసిడెరియా' రాశాడు, లూథరన్లలో హృదయ భక్తికి పెద్దపీట వేసిన పైటిస్టు ఉద్యమం పుట్టింది. ఆ దారిలోనే జర్మనీలోని హాలే నగరంలో ఫ్రాంకె పెట్టిన అనాథాశ్రమం, అచ్చుయంత్రం. అక్కడినుంచి మన దేశానికి వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్లాక 1746, 47ల్లో హాలేలోనే తెలుగులో చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. గిన్నెలకు మాట్లు వేసే బన్యన్ భార్య పెట్టెలోని పుస్తకం ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి.

కొత్త చదువరి:

ఇంక ఆలోచించను, 'బ్రీవియట్' తోనే మొదలుపెడతాను. 1681 నాటి అచ్చు స్కాన్ దొరికింది కానీ అక్షరాలు వింతగా ఉన్నాయి, పేజీకి పది నిమిషాలు పడుతోంది.

పాతపుటలు:

ఎస్ అక్షరాన్ని అప్పట్లో ఎఫ్‌లా వేసేవాళ్లు, రెండు మూడు పేజీలకు కళ్లు అలవాటుపడతాయి. పడకపోతే 1928లో జె. టి. విల్కిన్‌సన్ ఇద్దరి పేర్లతో మళ్లీ వేయించిన ప్రతి వెతకండి, అక్షరాలు మామూలుగా ఉంటాయి. ఆమె లోపల పడ్డ భయాలూ సందేహాలూ గుచ్చెత్తిన భాగం నెమ్మదిగా నడుస్తుంది, అక్కడ ఆగిపోకుండా పెళ్లయ్యాక వచ్చే భాగాలకు వెళ్లిపోండి. మార్కెట్ గది అక్కడే ఉంది.